అమెరికాలో ఉన్న బిడ్డకు ఇక్కణ్ణుంచి డబ్బు పంపాలంటే

బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో మాకో కర్రీ పాయింట్ ఉంది. మదనపల్లె నుంచి వచ్చి పదమూడేళ్లయింది. చుట్టూ పీజీలే, వాటి నిండా మన పిల్లలే. రాత్రి ఏడు నుంచి పది దాకా పప్పు, వేపుడు, పులుసు కవర్లలో పోసి ముడి వేస్తుంటే రోజుకొకరైనా అంటారు: "ఆంటీ, అక్క డాలర్లు పంపుతుంటే మీకింకా ఈ పొయ్యి దగ్గర పనేంటి?"

మొదట్లో నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఉన్న మాట చెప్పేస్తున్నా: "అక్కకే మేం పంపుతున్నాం నాయనా." అలా చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని. షట్టరు దించే వేళకు ఒకరిద్దరు వెనక్కొచ్చి మెల్లగా అడుగుతారు. "మా తమ్ముడికి పంపాలి ఆంటీ, బ్యాంకులో ఏం చెప్పాలో నాన్నకు తెలీడం లేదు. మీరెలా పంపారు?" చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. నా చదువు పదో తరగతి. ఇందులో ఉన్నదంతా బ్యాంకు కౌంటరు దగ్గరా, మా ఆడిటర్ దగ్గరా, రెండు మూడుసార్లు చేయి కాల్చుకునీ నేర్చుకున్నదే.

మా లెక్క ముందు చెప్తాను. అమ్మాయి 2022 ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వైపు వెళ్లింది. 2024 మేలో చదువైంది, ఆగస్టులో ఉద్యోగం వచ్చింది, 2025 సెప్టెంబరు 5న అది పోయింది. చదువుకునేటప్పుడు ఫీజులో కొంత, ఉద్యోగం లేని నాలుగు నెలలూ బాడుగ, తిండి, ఇన్సూరెన్సు మేం పంపాం. మదనపల్లె ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన ఎడ్యుకేషన్ లోను కిస్తీ కూడా ఆ నాలుగు నెలలు మేమే కట్టాం. కిస్తీని చాలామంది బిడ్డకు పంపిన డబ్బులో కలపరు, అది బ్యాంకుకు పోయింది కదా అంటారు. ఎవరికి పోయినా మన డబ్బాలోంచే పోయింది. లెక్కలోకి రావాల్సిందే.

డబ్బుకు పేరుండాలి

మొదటిసారి బ్యాంకుకు వెళ్తే కౌంటర్లో అబ్బాయి కన్నడంలో అడిగాడు: "యావ పర్పస్ మేడం?" నేను "మా అమ్మాయికి" అన్నాను. "మగళిగె సరి, యాతక్కె?" కూతురికి సరే, దేనికి అని. కూతురికి డబ్బిస్తుంటే దేనికని అడుగుతాడేంటని నాకు కోపమొచ్చింది. తర్వాత తెలిసింది, మొత్తం వ్యవహారం ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉందని.

మనుషులు విదేశానికి పంపే డబ్బు రిజర్వు బ్యాంకు 2004లో పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి కింద పోతుంది. పాన్ కార్డు తప్పనిసరి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక్కో మనిషి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. పప్పు కవర్లు కట్టేవాళ్లకు ఆ హద్దుతో పనిలేదు, వదిలేయండి. మనకు తగిలేది, పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో ఉండే పర్పస్ కోడ్, అంటే డబ్బు దేనికో చెప్పే నంబరు. చదువు ఖర్చుకు, అంటే ఫీజు, హాస్టలు లాంటివాటికి ఎస్0305. కుటుంబ పోషణకు ఎస్1301. బహుమతికి ఎస్1302. మన ఇంటివాళ్లకు పంపడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి వస్తుంది.

ఏదో ఒకటి రాస్తే పోలా అనుకోకండి. పట్టుకునే పన్ను పేరును బట్టి మారుతుంది. దాన్ని టీసీఎస్ అంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ఇది: ఒక మనిషి ఏడాదిలో పంపింది 10 లక్షల రూపాయల లోపైతే ఏమీ పట్టుకోరు. దాటితే, దాటిన మొత్తం మీద మాత్రమే, సొంత డబ్బుతో చదువుకో వైద్యానికో అయితే 2026 మార్చి దాకా 5 శాతం, ఆ తర్వాత 2 శాతం, పోషణ, బహుమతి అయితే 20 శాతం. బ్యాంకు లోనుతో కట్టే ఫీజుకైతే అసలు లేదు. బడ్జెట్టు వచ్చినప్పుడల్లా ఈ అంకెలు కదులుతుంటాయి కాబట్టి పంపే వారంలో మళ్లీ అడగండి. 10 లక్షలనేది ఒక్కో పాన్‌కు. అన్ని బ్యాంకులూ, అన్ని పేర్లూ కలిపి లెక్క. మొగుడికి వేరు, పెళ్లానికి వేరు. అందుకే ఫీజులు మా ఆయన ఖాతాలోంచి, నెలనెలా ఖర్చులు నా ఖాతాలోంచి పంపాం.

బిడ్డ చదువైపోయాక పేరు మార్చాలి. ఇది ఎవరూ చెప్పరు. 2024 మే దాకా మాది ఎస్0305. ఉద్యోగం పోయాక పంపింది ఎస్1301. "ఎప్పుడూ చదువనే రాస్తున్నాం కదా, అదే రాసేయండి" అన్నాడు మా ఆయన. పట్టా చేతికొచ్చి ఏడాదిన్నరైతే ఇంకా చదువేంటి? తర్వాత ఎవరైనా కాగితం అడిగితే ఏ కాలేజీ రసీదు చూపిస్తాం?

పట్టుకున్న టీసీఎస్ పోయిన డబ్బు కాదు. మేం 2022లో ఎనిమిదిన్నర లక్షలు పంపితే, అప్పటి హద్దు 7 లక్షలు కాబట్టి, లక్షన్నర మీద 5 శాతం, 7,500 పట్టుకున్నారు. బ్యాంకు ఖర్చులనుకుని మా ఆయన మర్చిపోయాడు. మరుసటి ఏడాది ఆడిటర్ 26ఏఎస్ అని, మన పేరు మీద పట్టుకున్న పన్నులన్నీ ఉండే కాగితం తీసి చూపించాడు, అందులో ఆయన పేరు మీద 7,500 కూర్చుని ఉంది. రిటర్ను వేస్తేనే అది వెనక్కొస్తుంది. మాకు పన్ను కట్టేంత ఆదాయం లేదు, రిటర్నెందుకు అనుకునేవాళ్లే ఎక్కువ పోగొట్టుకునేది.

కౌంటర్ దగ్గర

అమెరికా ఖాతాకు కావలసినవి: ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడు, తొమ్మిదంకెల రౌటింగు నంబరు, బిడ్డ అక్కడి చిరునామా. కొన్ని బ్యాంకుల్లో వైరు డబ్బుకు ఒక రౌటింగు నంబరు, మామూలు జమకు ఇంకొకటి ఉంటాయి. అందుకని ఫోన్లో చెప్పించుకుని రాసుకోకండి. వాళ్ల బ్యాంకు యాప్‌లో విదేశం నుంచి డబ్బు తెప్పించుకునే పేజీ ఉంటుంది, దాని ఫొటో పంపమనండి.

పేరు దగ్గర మనవాళ్లకు తంటా. మన ఇంటిపేరు ముందుంటుంది, సగంమందికి అది ఒక్క అక్షరమే. పాస్‌పోర్టుకు వెళ్లేసరికి ఆ అక్షరం సాగి పూర్తి పేరవుతుంది, వెనక్కిపోతుంది. ఆధార్‌లో ఉన్నట్టో మనం పిలిచినట్టో రాయొద్దు. అక్కడి ఖాతాలో ఎలా ఉందో అలాగే, ఆ వరసలోనే.

ఇక నా చేయి కాలిన చోటు. ఏ2తో పాటు ఇచ్చే కాగితంలో విదేశీ బ్యాంకు ఖర్చులు ఎవరు భరిస్తారని ఒక గడి ఉంటుంది. అవర్ అంటే అన్నీ మనమే. షేర్ అంటే మన వైపువి మనం, దారిలో కోసేవి అవతలివాళ్ల డబ్బులోంచి. 2023 జనవరిలో రెండో సెమిస్టరు ఫీజు పంపేటప్పుడు కౌంటర్లో ఆ గడి గురించి ఎవరూ అడగలేదు, నాకూ తెలీదు. షేర్ అని పోయింది. మధ్యలో ఏదో బ్యాంకు 22 డాలర్లు కోసుకుంది. వేల డాలర్ల ఫీజు కట్టి 22 డాలర్ల బాకీకి అమ్మాయి రిజిస్ట్రేషన్ ఆపేశారు. ఇక్కడ రాత్రి రెండు గంటలకు ఫోను. అదృష్టం బాగుండి రూమ్మేటు కార్డు గీకి కట్టింది. ఫీజులకు అవర్ పెట్టండి. బిడ్డ ఖాతాకు పంపేటప్పుడైతే మీ ఇష్టం, పది ఇరవై డాలర్లకు అక్కడెవరూ గేటు మూయరు.

ఖర్చుల్లో అందరూ అడిగేది జీఎస్టీ. మొత్తం మీద 18 శాతమనుకుని బెదిరిపోతారు. కాదు. మార్చిన డబ్బులో చిన్న ముక్కను సేవ విలువగా లెక్కగట్టి దాని మీద వేస్తారు. నేను నెలకు 1,500 డాలర్లు పంపాను, డాలరు 88 ఉన్నప్పుడు 1,32,000 రూపాయలు. దానికి జీఎస్టీ 209 రూపాయలు. అసలు దెబ్బ రేటులో ఉంటుంది. టీవీలో చెప్పే రేటు మనకివ్వరు, పైన వేసుకుంటారు. రెండు బ్యాంకుల్లో ఒకే గంటలో అడిగి, అన్నీ కలిపి నా ఖాతాలోంచి ఎంత పోతుంది, అక్కడ ఎంత పడుతుంది అని రెండే అంకెలు రాయించుకోండి. నేను కూరగాయల మండీలో బేరమాడినట్టే ఆడాను. బ్యాంకులో బేరమేంటని మా ఆయన సిగ్గుపడి బయట నిలబడ్డాడు. 40 పైసలు తగ్గింది.

రేటు దిగుతుందని మాత్రం కూర్చోకండి. అమ్మాయి వెళ్లినప్పుడు డాలరు 80 దగ్గరుంది. 2025 డిసెంబరు మొదటి వారంలో 90 దాటింది. నా ఆఖరి కంతు సరిగ్గా ఆ వారంలోనే.

అన్నట్టు, బిడ్డ ఇక్కడ వదిలిపోయిన మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే బయట ఉండేవాళ్లకు ఇక్కడుండే రూపాయల ఖాతాగా మార్పించాలి. బయట చదువుకునే పిల్లలు కూడా ఎన్‌ఆర్‌ఐల కిందికే వస్తారు. మాది రెండేళ్లు అలాగే పడి ఉంది.

చేతి మార్పిడి వద్దు

ఉద్యోగం పోయిన నెలలో, రోజూ మా దగ్గర కూర కొనే ఒకబ్బాయి మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు. "ఆంటీ, మా అన్న అక్కడ అక్క ఖాతాలో డాలర్లు వేస్తాడు, మీరు ఇక్కడ మా నాన్నకు రూపాయలు ఇచ్చేయండి. టీసీఎస్ లేదు, బ్యాంకు లేదు." వినడానికి వదిన మరదళ్లు బియ్యం, బెల్లం మార్చుకున్నట్టుంటుంది. చట్టం అలా చూడదు. ఫెమా అనే విదేశీ మారకపు చట్టం కింద తప్పు, పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. దానికి తోడు, అవతలి అన్న డాలర్లు ఎక్కడివో మనకు తెలీదు. వీసా మీద బతుకుతున్న పిల్ల ఖాతాలోకి ఎవరివో డాలర్లు ఎందుకు? ఆ అబ్బాయికి రెండు గరిటెల పప్పు ఎక్కువ పోసి వద్దని చెప్పాను.

వచ్చిన డబ్బు మీద బిడ్డ అక్కడ పన్ను కట్టాలా అనీ అడుగుతుంటారు. తల్లిదండ్రులిచ్చిన దాని మీద తీసుకున్నవాళ్లకు పన్ను లేదు. పన్ను లెక్కల్లో అక్కడి నివాసులైనవాళ్లకు ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వస్తే అక్కడి పన్ను శాఖకు ఫారం 3520లో చెప్పాలి, అంతే. మనం అంత పంపితే కదా.

ఉద్యోగం పోయిందని ఫోనొస్తే

ముందు రోజులు అడగండి. మా అమ్మాయి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి, దాని పొడిగింపులో ఉంది. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులు, పొడిగింపు వచ్చాక అన్నీ కలిపి 150 రోజులు ఉండనిస్తారు. చదువైన కొత్తలో 30 అయిపోయాయి. అంటే మిగిలింది 120. హెచ్1బీ వాళ్లకైతే 60 రోజులే. ఆ సంఖ్య తెలిస్తే ఎన్ని నెలలకు డబ్బు సర్దుకోవాలో తెలుస్తుంది. తెలీకపోతే రోజూ భయమే.

రెండోది హెల్త్ ఇన్సూరెన్సు. కంపెనీదైతే ఉద్యోగంతో పాటు పోతుంది, ఏ తేదీకి పోతుందో కనుక్కోమనండి. బాడుగ ఒక వారం ఆలస్యమైనా ఓనరుతో మాట్లాడుకోవచ్చు. ఇన్సూరెన్సు లేకుండా అక్కడ ఆసుపత్రి మెట్లెక్కితే ఈ కర్రీ పాయింటు అమ్మినా తీరదు.

మూడోది నా సొంత తీర్మానం. అడిగించుకోకుండా పంపాలి. మొదటి నెల మా అమ్మాయి అడగలేదు. వీడియోలో వెనక స్టవ్ మీద గిన్నె కనబడేది కాదు. "తిన్నావా?" అంటే "తిన్నా." "ఏం తిన్నావు?" అంటే ఒక్క క్షణం ఆగేది. పదమూడేళ్లుగా వందమందికి అన్నం పెడుతున్నదాన్ని, ఆ ఒక్క క్షణం చాలు నాకు. బాడుగలో తన వాటా 750 డాలర్లు, మిగతావన్నీ కలుపుకుంటే మొత్తం 1,500 అని లెక్కేసి, ప్రతి నెలా ఒకటో తేదీన జీతంలా పంపాను. ఇంకా ఉందా, అయిపోయిందా అని అడగలేదు. ఎంత మిగిలిందని అడిగితే పిల్లలు మిగిల్చి చూపించడానికి పస్తుంటారు.

ఇంట్లోనూ పేరు పెట్టాల్సి వచ్చింది. మా కొట్టు పద్దు పుస్తకం వెనక పేజీల్లో ఇదంతా రాస్తుంటాను. ఒకరోజు మావాడు ఆ పేజీలు తిప్పుతూ "అక్కకు ఇప్పటిదాకా ఎంత?" అన్నాడు. వాడికి 24, ఒక షోరూంలో లెక్కలు రాస్తాడు, రెండేళ్లుగా బండి అడుగుతున్నాడు. మా ఆయన వెంటనే "పసుపు కుంకుమ కింద ఇచ్చామనుకోరా" అన్నాడు. వాడు పుస్తకం మూసేశాడు. ఏమీ అనలేదు గానీ ఆ రోజు అన్నం సగంలో లేచాడు.

ఆ రాత్రి అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను చెప్పడం అయ్యేదాకా విని, "పసుపు కుంకుమ అని రాయొద్దమ్మా, చేబదులు అని రాయి" అంది. తనకు పెళ్లి ఊసే లేదు, అప్పుడే వాటా పంచేసినట్టుందని బాధ. అప్పుడు కూర్చుని మూడుగా విడగొట్టాం. ఫీజులో మేం కట్టింది చదువు చెప్పించడం, దానికి తిరుగు లేదు. లోను కిస్తీ తనది, మేం కట్టిన నాలుగూ తను మళ్లీ జమ చేస్తుంది. ఉద్యోగం లేని నెలల డబ్బు చేబదులు, వడ్డీ లేదు, గడువు లేదు. మావాడి ఎదుటే ఫోను స్పీకర్లో పెట్టి రాశాను. వాడే కూడి కింద మొత్తం వేశాడు.

బ్యాంకుకు మాత్రం అది కుటుంబ పోషణే. నోటు రాయించుకుని నిజంగా అప్పే ఇవ్వాలంటే దారి వేరు: బిడ్డ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో రూపాయల్లో, వడ్డీ లేకుండా, కనీసం ఏడాది గడువుతో. మాకు అంత అవసరం పడలేదు. డిసెంబరు 15న ఉద్యోగంలో చేరింది. ఇంకా 19 రోజులు మిగిలాయి.

మాటలు, పొడులు

డాలస్ మనకంటే ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక. నేను పొద్దున అయిదుకు కూరగాయలు తరగడం మొదలుపెడితే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర, చలికాలమైతే అయిదున్నర. ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుంటాను. తను అక్కడ తరుగుతుంది, నేను ఇక్కడ తరుగుతాను. మాట్లాడాలని ఏమీ లేదు. ఉద్యోగం సంగతి నేను ఎత్తేదాన్ని కాదు. "బెండకాయ ఇంకా సన్నగా" లాంటివే. ఆమె కుక్కరు కూత వినబడ్డాక పెట్టేస్తాను.

పార్సిలు సంగతి. కావలసిన వేళకే దారి మూసుకుపోయింది. అమెరికా సుంకాల గొడవలో మన పోస్టాఫీసు 2025 ఆగస్టు 25 నుంచి అక్కడికి పార్సిళ్లు ఆపేసింది, మళ్లీ అక్టోబరు 15న తీసుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో మా పొడులు అక్కడికి వెళ్తున్న ఒక పీజీ పిల్లాడి సూట్‌కేసులో పోయాయి. ఒకరి సామానులో పెట్టేటప్పుడు మర్యాద ఏంటంటే, మూట విప్పి చూపించి, ఏమేమున్నాయో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చీటీ అంటించాలి. దిగాక ఆహార పదార్థాలు ఉన్నాయని చెప్పమనాలి. చెప్పినవాళ్లను ఏమీ అనరు, మహా అయితే తీసి పడేస్తారు. దాచితేనే జరిమానా. పచ్చి కరివేపాకు పంపొద్దు, నిమ్మ జాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందని రానివ్వరు. నాటుకోడి పచ్చడి, ఎండు మాంసం ఎంత ఆశగా అడిగినా వద్దు. మందులు ఇంకొకరి సంచిలో అసలు పెట్టొద్దు, ఎవరి మందులు వాళ్ల పేరున్న చీటీతో వాళ్లే మోసుకోవాలి.

పంపదగ్గది కంది పొడి. చెనక్కాయ పొడికి నూనె ఎక్కువ, నెల దాటితే కంపు కొడుతుంది, కొబ్బరి వేస్తే అంతకన్నా ముందే. కందిపప్పు సన్న సెగ మీద, గింజ కొరికితే పటుక్కుమనేదాకా వేయించాలి. ఎండుమిరపకాయలు, జీలకర్ర విడివిడిగా వేయించాలి. ఉప్పు కూడా మూకుట్లో వేసి తడి పోయేదాకా తిప్పాలి, పొడి గడ్డకట్టేది ఎక్కువగా ఉప్పులో ఉన్న తడి వల్లే. వెల్లుల్లి వేయొద్దు, తినేటప్పుడు వాళ్లే చిదిపి కలుపుకుంటారు. మిక్సీ పట్టాక పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. పైపైన చల్లబడింది కదా అని కవర్లో పోసి సీలు వేయకండి. పొడి మధ్యలోకి వేలు దూర్చి చూడండి, వెచ్చగా తగిలితే ఇంకో గంట అలాగే వదిలేయండి.